మన ఇల్లు ఎటు చూస్తోంది?



"ఇంట్లో టీవీ పెట్టుకోవచ్చా, కూడదా?" అన్న ప్రశ్న మన సమాజంలో ఎన్నో ఏళ్ళుగా వినిపిస్తూనే ఉంది. ఈ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. పూర్తిగా వారించినవారూ ఉన్నారు, షరతులతో అనుమతించినవారూ ఉన్నారు. ఆ చర్చను ఇక్కడ తిరగదోడడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రశ్న పక్కనే మరో ప్రశ్న ఉంది. దాన్ని మనం మౌలానాను అడగం, వడ్రంగిని అడుగుతాం: టీవీ ఏ గోడకు పెట్టాలి? దాని కోసం ఎలాంటి సామాను చేయించాలి?

ఇది వడ్రంగి పని, ఇందులో ధర్మానికి సంబంధించినది ఏముంది అని నేనూ అనుకునేవాణ్ణి. భావనపాడులో ఒక ఇంటి హాలులో నిలబడేవరకూ ఆ అభిప్రాయంలోనే ఉన్నాను.

పడమటి గోడ

టెక్కలిలో వ్యాపారం చేసుకునే ఒక సోదరుడు భావనపాడులో కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి ముందు దుఆ చేయమని నన్ను పిలిచారు. ఇల్లు సముద్రానికి దగ్గరే. అక్కడ తూర్పున సముద్రం. మన శ్రీకాకుళం తీరం నుండి ఖిబ్లా పడమరకు, కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే నమాజుకు నిలబడితే సముద్రపు హోరు వీపు వెనుక నుండి వినిపిస్తుంది.

హాలులో వడ్రంగి మేస్త్రి టేపుతో పడమటి గోడ కొలుస్తున్నాడు. పది అడుగుల వెడల్పున, పైనుంచి కిందిదాకా టీవీ యూనిట్. మధ్యలో పెద్ద టీవీ, దాని చుట్టూ రంగు లైట్లు, అటూ ఇటూ అద్దాల షోకేసులు. పై అరలో దివ్య ఖుర్ఆన్ పెట్టుకోవడానికి కూడా చోటు గీశాడు.

"టీవీ ఏ గోడకెడతారో ముందు ఆ ముక్క చెప్పండి బాబూ. సోఫాలు, ప్లగ్గులు, లైట్లు అన్నీ దాన్ని బట్టే ఉంటాయి" అన్నాడు మేస్త్రి.

సోదరుడు నా వైపు తిరిగి, "హజ్రత్, మీరే చెప్పండి. ఇది జాయిజా, నాజాయిజా?" అని అడిగారు.

నేను జవాబు చెప్పేలోపే ఆయన తల్లిగారు, మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో కూర్చుని నమాజు చేసే వృద్ధురాలు, నెమ్మదిగా అన్నారు: "నా కుర్చీ వెనక గదిలో వేయించు బేటా. నాకేం, ఏ మూలైతే ఏం?"

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అందువల్లే అది నన్ను పట్టుకుంది. అన్నాళ్ళూ ఆ హాలులో ఆమె నమాజు చేసుకునేది పడమటి గోడ ముందే. మేస్త్రి అడిగింది చాలా సరైన ప్రశ్న అని అప్పుడు అర్థమైంది. టీవీ చోటు ఖాయమైతే మిగతావన్నీ దాన్ని బట్టే సర్దుకుంటాయి. సోఫాలు దానికి ఎదురుగా తిరుగుతాయి. మనుషులు దానికి ఎదురుగా కూర్చుంటారు. నమాజు వెనక గదిలోకి వెళుతుంది. అమ్మ కూడా వెనక గదిలోకి వెళుతుంది.

జాయిజా, నాజాయిజా అన్న ప్రశ్నకు ఆ రోజు నేను బదులు చెప్పలేదు. ఆలోచించి చెబుతానన్నాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

ఒకే గుడ్డ, రెండు స్థానాలు

దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి గృహ జీవితంలో ఈ విషయానికి వెలుగునిచ్చే సంఘటనలు కొన్ని ఉన్నాయి.

సహీహ్ ముస్లింలో హజ్రత్ ఆయిషా (రజి) గారి ఉల్లేఖనం ఒకటి ఉంది. దైవప్రవక్త (స) ఒక ప్రయాణం నుండి తిరిగి వచ్చేసరికి ఆమె ఒక గుడ్డను తలుపుకు తెరగా వేలాడదీశారు. ఆయన ముఖంలో అయిష్టత కనిపించింది. ఆయన దాన్ని లాగేసి, రాళ్ళకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదనే అర్థం వచ్చేలా చెప్పారు. తర్వాత ఆమె ఆ గుడ్డనే కత్తిరించి, ఖర్జూరపు నార కూరి, రెండు దిండ్లు చేశారు. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు.

గమనించండి. గుడ్డ మారలేదు, మారినది దాని స్థానం. పైన వేలాడుతూ ఇంటికి శోభగా నిలిచినప్పుడు అది ఆయనకు నచ్చలేదు. కింద దిండుగా మారి మనిషికి ఉపయోగపడినప్పుడు సమ్మతమైంది.

సహీహ్ బుఖారీలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఒక పక్కన బొమ్మలున్న తెర ఉండేది. ఆ బొమ్మలు నమాజులో తన ముందు మెదులుతున్నాయని, దాన్ని తీసేయమని దైవప్రవక్త (స) చెప్పారు. అలాగే హజ్రత్ అబూ జహ్మ్ (రజి) కానుకగా ఇచ్చిన చారల దుప్పటి ధరించి నమాజు చేశాక, దాని చారలు తన ధ్యాసను మళ్ళించాయని చెప్పి, దాన్ని వెనక్కి పంపి, బదులుగా సాదా దుప్పటి తెప్పించుకున్నారు.

దైవప్రవక్త (స) గారికంటే ఏకాగ్రత గలవారెవరు? అంతటి మహనీయులు "నా మనసు గట్టిది, ఎదురుగా ఏమున్నా నాకేం కాదు" అని అనుకోలేదు. వస్తువునే పక్కకు తప్పించారు. ఆయనే చారల దుప్పటిని దూరం పెడితే, కదిలే బొమ్మల పెట్టెను నమాజు గోడకు బిగించి మన మనసును గట్టిగా ఉంచుకుంటామనడం ఎంతవరకు సబబు? ఆపేసి ఉన్నా ఆ నల్లటి అద్దంలో సజ్దా చేసేవాడి రూపం అద్దంలో లాగానే కనిపిస్తుంది. నమాజు చెల్లదని నేననడం లేదు. నమాజు చెల్లడం వేరు, మనసు నిలవడం వేరు.

టీవీ స్థానం ఎలా మారుతూ వచ్చింది?

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. మన గ్రామాలకు అది తొలిసారి వచ్చింది ఇళ్ళలోకి కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా జరిగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో టీవీ పెట్టెలు నెలకొల్పారు. అవి ఊరందరివీ. ప్రసార సమయానికి జనం చేరి, వ్యవసాయం, ఆరోగ్యం గురించి చూసి, అయిపోయాక ఎవరిళ్ళకు వారు వెళ్ళేవారు. టీవీకి ఒక వేళ ఉండేది, ఒక చోటు ఉండేది.

తర్వాత అది ఇళ్ళలోకి వచ్చింది. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీని మన పెద్దలు చాలామంది ఎరుగుదురు. ఆ కాలంలో చాలా టీవీలు చెక్క పెట్టెలో, నాలుగు కాళ్ళ మీద, ముందు రెండు వైపులా జరిగే చెక్క తలుపులతో వచ్చేవి. మా నానాగారి ఇంట్లో పాడైపోయి మూలన పడి ఉన్న అలాంటి పెట్టెను చిన్నప్పుడు చూశాను. తలుపులు మూస్తే అది ఒక చిన్న బీరువాలా ఉండేది. దాని మీద నానీ ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేవారు.

తర్వాత తలుపులు పోయి షోకేసు వచ్చింది. తెర పలచబడ్డాక టీవీ గోడకెక్కింది. ఇప్పుడు గోడ మొత్తం దానిదే. ఊరి మధ్య నుండి ఇంటి మూలకు, మూల నుండి గోడ మధ్యకు, ఇప్పుడు జేబులోకి. మన నిర్ణయాలు లేకుండా ఇదంతా దానంతటదే జరిగిందని అనుకుంటాం. కానీ ప్రతి మలుపులోనూ ఒక ఇంటి యజమాని వడ్రంగికి ఏదో ఒకటి చెప్పే ఉంటాడు.

పాపం ఎక్కడ మొదలవుతుంది?

అసలు ప్రశ్న ఇక్కడుంది. మనిషి బాధ్యత చెడ్డ దృశ్యాన్ని చూసే క్షణంలో మొదలవుతుందా, లేక దాని ఎదురుగా కుర్చీ వేసుకున్నప్పుడే మొదలవుతుందా?

వస్తువుల విషయంలో మూలసూత్రం అనుమతే అని ఫుఖహా చెబుతారు. ఉద్దానంలో పనస కర్ర ప్రసిద్ధి. పక్క జిల్లా బొబ్బిలిలో అదే పనస కర్రతో వీణలు చేస్తారు. అదే కర్రతో ద్వారబంధం చేస్తారు, ఖుర్ఆన్ పెట్టుకునే రెహల్ చేయవచ్చు, టీవీ స్టాండూ చేయవచ్చు. కర్రకు పాపమూ లేదు, పుణ్యమూ లేదు. ఇది నిజమే.

అయితే దివ్య ఖుర్ఆన్ శైలిని గమనించండి. హజ్రత్ ఆదమ్ (అ) దంపతులకు ఆ చెట్టు ఫలం విషయంలో ఇచ్చిన ఆజ్ఞ ఆ చెట్టు దరికి పోవద్దన్నది (సూరె బఖరా). వ్యభిచారం విషయంలోనూ ఆజ్ఞ దాని దరిదాపులకు పోవద్దన్నదే (సూరె బనీ ఇస్రాయీల్). పనిని మాత్రమే కాదు, దగ్గరితనాన్నే అల్లాహ్ వారించాడు. ఎందుకంటే మనిషిని సృష్టించినవాడికి మనిషి సంగతి తెలుసు. దగ్గరగా ఉన్నదాన్ని చెయ్యి దానంతటదే అందుకుంటుంది. ఫిఖ్హ్‌లో చెడుకు దారితీసే మార్గాలను ముందే మూసివేయడాన్ని 'సద్దె జరాయె' అంటారు. మాలికీ, హంబలీ ఫుఖహా ఈ సూత్రానికి ఎక్కువ ప్రాధాన్యమిచ్చారు.

ఇంటి సామాను అంటే ఏమిటి? ఏది దగ్గరగా ఉండాలి, ఏది దూరంగా ఉండాలి అని ముందే చేసుకున్న నిర్ణయం. రెహల్ చేతికందే ఎత్తులో, రిమోట్ అరలో ఉంటే ఒక ఇల్లు. రిమోట్ చేతిలో, ఖుర్ఆన్ తొమ్మిది అడుగుల ఎత్తున షోకేసులో ఉంటే మరో ఇల్లు. గౌరవం కోసమే పైన పెట్టామంటాం. నిచ్చెన వేసుకుంటే తప్ప అందని గ్రంథాన్ని రోజూ ఎవరు తెరుస్తారు?

"తఖ్వా గుండెలో ఉండాలి గాని బీరువాలో కాదు కదా?"

ఆ ఇంట్లోనే కాలేజీలో చదివే పిల్లవాడు నన్ను ఈ మాట అడిగాడు. మంచి ప్రశ్న. తలుపులున్న స్టాండు చేయించినంత మాత్రాన ఎవరూ ముత్తఖీ అయిపోరు. తలుపులు మూసి లోపల మనసంతా ఆటల మీదే ఉంచుకున్నవాడికంటే, తలుపులు లేకపోయినా అజాన్ వినగానే లేచేవాడే నయం.

కానీ ఒంటె విషయం గుర్తు చేసుకోండి. ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీలో ఉంది. తాడు తవక్కుల్‌కు విరోధి కాదు.

తలుపు చేసే మేలు చిన్నదే. లేచి, నడిచి, తలుపు తీయడానికి రెండు క్షణాలు పడుతుంది. "ఇప్పుడు ఎందుకు చూస్తున్నాను?" అని మనసు అడగడానికి ఆ రెండు క్షణాలు చాలు. తలుపు తఖ్వాను ఇవ్వదు, తఖ్వా మాట్లాడడానికి వ్యవధి ఇస్తుంది. ఎదురుగా ఎప్పుడూ వెలుగుతూ ఉండే తెర ఆ వ్యవధిని కూడా మిగల్చదు. కర్మలు సంకల్పాన్ని బట్టే ఉంటాయని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం. సంకల్పించుకోవడానికి తీరిక లేని చోట సంకల్పం ఎలా నిలుస్తుంది?

ఇది అనుగ్రహం కూడా

ఈ తీరంలో కూర్చుని టీవీని పూర్తిగా తిట్టడం న్యాయం కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేల సంఖ్యలో నేలకూలాయి. ఆ తుపానుల ముందు టీవీలు, రేడియోలు హెచ్చరికలు చెబుతూనే ఉన్నాయి. వేటకు వెళ్ళవద్దన్న ఒక్క మాట సకాలంలో చెవినపడడం మత్స్యకార కుటుంబానికి ప్రాణంతో సమానం. ఒక ప్రాణాన్ని కాపాడటం సకల మానవులను కాపాడటంతో సమానమని బోధించే ధర్మం మనది. ఆ వార్త చెప్పే పెట్టెను ఎలా తేలిక చేస్తాం?

అయితే తిత్లీ మరో పాఠమూ చెప్పింది. తుపాను తర్వాత చాలా గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. టీవీలన్నీ చీకటిగా ఉన్నాయి. నష్టం చెప్పలేనిది. అయినా ఆ రోజుల్లో జనం అరుగుల మీద కూర్చుని ఒకరి కష్టం ఒకరు విన్నారని, ఇంట్లో పెద్దవాళ్ళ మాట పిల్లలు విన్నారని ఆ పక్క సోదరులు నాతో చెప్పారు. టీవీ ఆగిపోతే కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. దానికి తుపానే రావాలా?

ఖర్చు, ప్రదర్శన, జహేజ్

సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఇంట్లో పురుషునికి ఒక పక్క, భార్యకు ఒక పక్క, అతిథికి మూడో పక్క సరిపోతాయని, నాలుగోది షైతానుదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అవసరానికి మించి, గొప్ప కోసం చేసే సామాను గురించిన హెచ్చరిక ఇదని ఉలమాలు వివరించారు. టీవీ యూనిట్‌లో సగం అరలు ఎవరికోసం? ఎప్పుడూ నీళ్ళు తాగని గాజు గ్లాసుల కోసం, వచ్చినవారు చూడడం కోసం.

అంతకంటే బాధాకరమైనది మరొకటి ఉంది. ఈ సామానులో చాలా భాగం అమ్మాయి తండ్రి అప్పు చేసి జహేజ్‌గా ఇచ్చినదై ఉంటుంది. "మేమేమీ అడగలేదు, వాళ్ళే ఇచ్చారు" అంటాం. ఖాళీ గోడ చూపించి, "ఇక్కడ టీవీ, షోకేసు బాగుంటాయి" అనడం కూడా అడగడమే. ఒక పేద తండ్రి కన్నీటితో చేసిన స్టాండు మీద ఎంత మంచి కార్యక్రమం చూసినా అందులో బర్కత్ ఎక్కడిది?

చేయించుకునేవారికి కొన్ని సూచనలు

1. ముందు ఖిబ్లా గోడను నిర్ణయించుకోండి. హాలులో నమాజు జరిగే ఇళ్ళలో టీవీకి వేరే గోడ ఇవ్వండి. తప్పనిసరైతే తలుపులో, తెరో ఉండి, నమాజు వేళ మూయగలిగేలా చూసుకోండి.

2. పడక గదిలో టీవీ పెట్టకండి. ఇషా తర్వాత అనవసరపు ముచ్చట్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. ఫజ్ర్‌కు లేవాలన్న సంకల్పం చాలామందికి రాత్రి పదకొండింటికే ఓడిపోతుంది.

3. టీవీ నలుగురూ తిరిగే చోట ఉండాలి. పిల్లవాడు ఏం చూస్తున్నాడో వంటింట్లోంచి తల్లికి కనబడాలి. ప్రతి ఒక్కరూ తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారన్న ప్రవక్త బోధన తల్లిదండ్రులు మరచిపోరాదు.

4. కూర్చుంటే కళ్ళకు సరిసమానమైన ఎత్తు చాలు. స్టాండు బరువుగా, అడుగు వెడల్పుగా ఉండాలి. గోడకు బిగించాలి. చిన్నపిల్లలు పట్టుకుని ఎక్కితే తేలిక స్టాండూ టీవీ కలిసి మీద పడతాయి. ప్రాణరక్షణ కూడా షరీఅత్ లక్ష్యాల్లో ఒకటి.

5. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, మామూలు ప్లైవుడ్డు ఉబ్బిపోతుంది. తీరప్రాంతంలో ప్లైవుడ్డే వాడదలిస్తే ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ రకం అడగండి. బాగా ఆరిన పనస కర్ర దొరికితే ఇంకా మేలు, దానికి చెద తొందరగా పట్టదు. ఏటా మార్చే సామాను కూడా దుబారాయే.

6. రెహల్, ఖుర్ఆన్ టీవీ యూనిట్‌లో భాగం చేయకండి. వాటికి వేరే గూడు, చేతికందే ఎత్తులో ఏర్పాటు చేయండి.

జేబులోని తెర

"ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, ఇంకా టీవీ స్టాండు గురించి ఎందుకు మౌలానా?" అని మీరు అడగవచ్చు. నిజమే. నేను కూడా నిర్దోషిని కాదు. టీవీ లేని ఇంట్లో ఉంటూ, తలగడ పక్కన ఫోను పెట్టుకుని, తహజ్జుద్‌కు అలారం అనే సాకుతో అర్ధరాత్రి దాకా దాన్ని చూసిన రాత్రులు నాకున్నాయి. మా ఇంట్లో గోడ ఖాళీగా ఉంది, కానీ నా తలగడ ఖాళీగా లేదు.

అందుకే ఈ మాట ఫోనుకు మరింత వర్తిస్తుంది. దానికీ ఒక స్థానం కావాలి. ఇప్పుడు మా ఇంట్లో హాలులో ఒక చిన్న చెక్క అర బిగించాం. ఇషా తర్వాత అందరి ఫోనులూ అక్కడే చార్జింగుకు పెడతాం. అలారానికి పాత గడియారం బాగు చేయించాను. అన్ని రోజులూ ఈ నియమం నిలుస్తోందని చెప్పను. కానీ తప్పినప్పుడు తప్పామని ఇంట్లో అందరికీ తెలుస్తోంది.

సూరె యూనుస్‌లో హజ్రత్ మూసా, హజ్రత్ హారూన్ (అ)లకు అల్లాహ్ ఇచ్చిన ఒక ఆజ్ఞ ఉంది. ఫిరౌన్ దౌర్జన్యం సాగుతున్న రోజుల్లో ఈజిప్టులో తమ జాతికి ఇళ్ళు ఏర్పరచి, ఆ ఇళ్ళను ఖిబ్లాగా చేసుకుని నమాజు నెలకొల్పమన్నాడు. వ్యాఖ్యాతలు దీన్ని పలు విధాలుగా వివరించారు. ఏ వివరణ తీసుకున్నా ఒక సంగతి స్పష్టం: ఇంటికి ఒక దిశ ఉంటుంది. దాన్ని ఇంటివారే నిర్ణయించుకోవాలి. మనం నిర్ణయించకపోతే ఎదురుగా ఉన్న తెర నిర్ణయిస్తుంది.

వారం తర్వాత భావనపాడు సోదరునికి ఈ మాటలే ఫోనులో చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, మేస్త్రితో మాట్లాడతానన్నారు. తర్వాత నెలకు వెళ్ళినప్పుడు చూశాను. టీవీ దక్షిణపు గోడకు, నాలుగడుగుల పనస కర్ర స్టాండు మీద, జరిపే తలుపులతో ఉంది. ఆ తలుపులు క్రికెట్ ఉన్న రోజున మూతపడవని పిల్లవాడు నవ్వుతూ ఒప్పుకున్నాడు. పడమటి గోడ ఖాళీగా, సాదా సున్నంతో ఉంది. దాని ముందు అమ్మగారి కుర్చీ. పక్కనే చేతికందే గూట్లో రెహల్.

అస్ర్ వేళ అయింది. ఆమె ఎవరినీ పక్కకు జరగమని అడగనక్కరలేకుండా అక్కడే కూర్చుని తక్బీర్ చెప్పారు.

అల్లాహ్ మన ఇళ్ళను తన ధ్యానంతో వెలిగే ఇళ్ళుగా చేయుగాక! మన చూపులకూ, మన పిల్లల చూపులకూ మంచి దిశను ప్రసాదించుగాక! ఆమీన్.